నీలి బెండపూడి గారు: వైజాగ్ నుంచి పెన్ స్టేట్ దాకా. గర్వం సరే, మూతపడుతున్న ఏడు క్యాంపస్‌ల సంగతి కూడా మాట్లాడుకుందాం

వాల్తేరు వాసి

2021 డిసెంబరులో మన వాట్సాప్ గ్రూపులన్నీ ఒకటే హోరు, గుర్తుందా? పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి మన విశాఖ ఆడపడుచు ప్రెసిడెంట్ అయిందని. నేనూ ఓ పదిమందికి పంపాను, ఇంట్లో మా ఆవిడకి చదివి వినిపించాను. నీలి బెండపూడి గారు పుట్టింది విశాఖలో, ఇంగ్లీషులో బీఏ, ఆ తర్వాత ఎంబీఏ చేసింది ఆంధ్రా యూనివర్సిటీలో. నేనూ దాదాపు ఆ రోజుల్లోనే అక్కడ వేరే డిపార్ట్‌మెంటులో చదివాను, ఆవిడతో పరిచయం మాత్రం లేదు. వాళ్ళ నాన్నగారు అంతకు ముందే కాన్సస్ యూనివర్సిటీకి వెళ్ళి ఇంగ్లీషులో పీహెచ్‌డీ చేశారు. ఆవిడ 1986లో అమెరికా వెళ్ళి, అదే కాన్సస్‌లో మార్కెటింగ్‌లో పీహెచ్‌డీ చేశారు. ఒహాయో స్టేట్‌లో ప్రొఫెసర్, మధ్యలో హంటింగ్‌టన్ బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మళ్ళీ కాన్సస్‌లో బిజినెస్ స్కూల్ డీన్, ఆ తర్వాత ప్రొవోస్ట్ (చదువుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి), 2018లో కెంటకీ రాష్ట్రంలోని లూయిస్‌విల్ యూనివర్సిటీ ప్రెసిడెంట్, 2022 మేలో పెన్ స్టేట్. 1855లో పెట్టిన ఆ యూనివర్సిటీకి ఆవిడ 19వ ప్రెసిడెంట్, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ, తెల్లజాతి కాని మొదటి మనిషి కూడా.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నన్ను తొలిచేస్తున్నది వేరే సంగతి. 2025 మే 22న పెన్ స్టేట్ ట్రస్టీల బోర్డు ఆవిడ చేసిన సిఫారసు మీద ఓటేసి 25-8 తేడాతో ఏడు క్యాంపస్‌లు మూసేయాలని తీర్మానించింది. ఆ రోజు మన గ్రూపుల్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎక్కినప్పుడు మన మనిషి అయితే, ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్నప్పుడు కూడా మన మనిషే కదా, అది మంచా చెడా అని మనం ఎందుకు మాట్లాడుకోకూడదు? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

కొత్తగా వచ్చా

అంకుల్, ఒక డౌట్. ప్రెసిడెంట్ అంటే మన వైస్ ఛాన్సలరేనా? పేరొకటే తేడానా?

బెజవాడోడు

తమ్ముడూ, పని దగ్గరదగ్గరగా ఉంటుంది కానీ వేసేవాళ్ళు వేరు. మన దగ్గర స్టేట్ యూనివర్సిటీ వీసీని సెర్చ్ కమిటీ పేర్లు ఇస్తే గవర్నర్ పేరుతో నియమిస్తారు, వెనక సచివాలయం మాట ఎంత నడుస్తుందో అందరికీ తెలుసు. పెన్ స్టేట్‌లో ప్రెసిడెంట్‌ని పెట్టేదీ తీసేదీ ట్రస్టీల బోర్డు. ఆ బోర్డు కూర్పు చూస్తే నాకు భలే అనిపించింది. తొమ్మిది మందిని పూర్వ విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకుంటారు, ఆరుగురిని గవర్నర్ వేస్తాడు, ఇంకో ఆరుగురిని జిల్లాల వ్యవసాయ సంఘాల ప్రతినిధులు ఎన్నుకుంటారు. అది రైతుల కోసం మొదలైన యూనివర్సిటీ కాబట్టి ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మన వ్యవసాయ యూనివర్సిటీల్లో రైతులు ఓటేసి బోర్డు సభ్యుణ్ణి పంపే రోజు వస్తుందా అని ఆలోచించాను.

ఆంధ్రా యూనివర్సిటీ పేరొచ్చింది కాబట్టి మరో మాట. మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి గారు 1930లో ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు, మళ్ళీ 1936లో వచ్చి 1949 దాకా ఉన్నారు. మధ్యలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. ఆ కుర్చీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో అక్కడ చదువుకున్నవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కెంటకీ బాబాయ్

నేను 2009 నుంచి 2020 దాకా లూయిస్‌విల్‌లోనే ఉన్నాను, యూనివర్సిటీ మా ఇంటికి పదిహేను నిమిషాలు. అందుకే నీలి గారు అక్కడ ఉన్న రోజుల గురించి రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఆవిడ వచ్చేనాటికి ఆ యూనివర్సిటీ పరువు బజారులో ఉంది. 2016లో గవర్నర్ మాట్ బెవిన్ ట్రస్టీల బోర్డునే రద్దు చేశాడు, ప్రెసిడెంట్ జేమ్స్ రామ్సే దిగిపోయాడు, రాజకీయ జోక్యం ఎక్కువైందని గుర్తింపు ఇచ్చే సంస్థ యూనివర్సిటీని ఏడాది పాటు ప్రొబేషన్‌లో పెట్టింది. 2017లో ఆటగాళ్ళని రప్పించడానికి దొడ్డిదారిన డబ్బులిచ్చారన్న ఎఫ్‌బీఐ బాస్కెట్‌బాల్ కేసు బయటపడి కోచ్ రిక్ పిటినోని తీసేశారు. 2018 ఫిబ్రవరిలో 2013 జాతీయ ఛాంపియన్‌షిప్‌ని కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ వెనక్కి లాక్కుంది. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణమిచ్చే ఊరు అది, అక్కడివాళ్ళకి ఆ దెబ్బ ఎలాంటిదో నేను కళ్ళారా చూశాను.

అలాంటి చోటికి 2018 మే 15న వచ్చారు. రెండు నెలలు నిండలేదు, జూలైలో పాపా జాన్స్ పిజ్జా పెట్టిన జాన్ ష్నాటర్ ఒక కాన్ఫరెన్స్ కాల్‌లో నల్లజాతివాళ్ళని కించపరిచే మాట వాడాడని ఫోర్బ్స్ రాసింది. అతను క్షమాపణ చెప్పాడు, తర్వాత నా మాటని వక్రీకరించారు అని వాదించాడు. అతను అక్కడ ట్రస్టీ కూడా, కోట్లిచ్చిన దాత, ఫుట్‌బాల్ స్టేడియానికి 1998లో కట్టినప్పటి నుంచీ ఆ పిజ్జా కంపెనీ పేరే. వార్త వచ్చిన రెండు రోజులకి ఆవిడ మైకు ముందుకొచ్చి స్టేడియం పేరు తీసేస్తున్నాం, ఇకనుంచి కార్డినల్ స్టేడియం అని ప్రకటించారు. బిజినెస్ స్కూల్లో ఉన్న సెంటర్‌కి కూడా అతని పేరు తీసేశారు. కొత్తగా వచ్చిన మనిషి, బయటి రాష్ట్రం, యాస వేరు, అంత పెద్ద దాతతో పెట్టుకోవడం అంటే తమాషా కాదు. ఆ రోజు మా ఆఫీసులో నల్లజాతి సహోద్యోగి ఒకాయన నా దగ్గరకొచ్చి "మీ ఊరావిడేనా?" అని అడిగి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. అది నేను మర్చిపోలేను.

రెండోది జ్యూయిష్ హాస్పిటల్. 1999లో అమెరికాలో మొదటి చేతి మార్పిడి, 2001లో శరీరం లోపలే పూర్తిగా ఇమిడిపోయే మొదటి కృత్రిమ గుండె, రెండూ జరిగిన ఆస్పత్రి అది. నష్టాలొచ్చి, కొనేవాళ్ళు దొరక్క మూతపడే దశకి వచ్చింది. 2019లో యూనివర్సిటీ ఆ ఆస్పత్రితో పాటు కెంటకీవన్ అనే ఆస్పత్రుల సంస్థకి ఊళ్ళో ఉన్న మిగతా ఆస్తుల్ని కోటి డాలర్లకి తీసుకుంది, రాష్ట్రం 3.5 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. వేల ఉద్యోగాలు నిలబడ్డాయి. అప్పుడు చాలామంది, యూనివర్సిటీకే దిక్కులేదు, నష్టాల ఆస్పత్రిని నెత్తికెత్తుకుంటారా అని తిట్టారు. కొద్ది నెలల్లోనే కోవిడ్ వచ్చింది. ఆ ఆస్పత్రి అప్పుడు మూతపడి ఉంటే మా ఊరి పరిస్థితి ఏమయ్యేదో తలుచుకోవడానికే భయం.

అందుకే ఇప్పుడు ఏడు క్యాంపస్‌లు మూసేస్తున్న మనిషి, నేను చూసిన మనిషి ఒకరేనా అని నాకు మనసులో పెద్ద బాధగా ఉంది.

ఎర్రమట్టి

బాబాయ్ గారూ, లూయిస్‌విల్‌లో ఇంకో ముఖ్యమైన సంగతి వదిలేశారు. 2020 మార్చిలో పోలీసులు ఇంట్లోకి దూరి బ్రియానా టేలర్ అనే నల్లజాతి యువతిని కాల్చి చంపింది ఆ ఊళ్ళోనే. నల్లజాతి విద్యార్థుల సంఘం వాళ్ళు నగర పోలీసులతో సంబంధాలు పూర్తిగా తెంచుకోమని యూనివర్సిటీని అడిగితే ఆవిడ ఒప్పుకోలేదు. కొన్ని మార్పులు చేస్తాం, తెంచుకోవడం మాత్రం కుదరదు అన్నారు. ఆ తర్వాత, దేశంలో జాతివివక్షకి ఎదురు నిలిచే యూనివర్సిటీల్లో ముందుంటాం అని పెద్ద కార్యక్రమం ప్రకటించారు.

సరే అనుకుందాం. పెన్ స్టేట్ వచ్చాక ఏం జరిగింది? పోలీసుల చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత పాత ప్రెసిడెంట్ ఎరిక్ బారన్ హయాంలో జాతి న్యాయం మీద పరిశోధనకి ఒక ప్రత్యేక కేంద్రం పెడతామని మాటిచ్చారు. ఈవిడ వచ్చిన ఆరు నెలలకే, 2022 అక్టోబరులో, అది పెట్టడం లేదని చెప్పేశారు. ఉన్న కార్యక్రమాలకే డబ్బు పెడతాం అన్నది కారణం. 400 మందికి పైగా అధ్యాపకులు నిరసన లేఖ మీద సంతకాలు పెట్టారు. ఆ రద్దు ప్రకటన వచ్చింది ఎప్పుడు? అదే వారంలో ప్రౌడ్ బాయ్స్ అనే తీవ్ర మితవాద గుంపు స్థాపకుడు గావిన్ మెకిన్నిస్‌ని ఒక విద్యార్థి సంఘం క్యాంపస్‌కి పిలిచింది, దానికి ఖర్చు విద్యార్థులు కట్టిన ఫీజుల నిధి నుంచే. ఆపమని ఎంతమంది బతిమాలినా, వాళ్ళ మాటలు మాకు అసహ్యమే కానీ ఆపే హక్కు మాకు లేదు అన్నారు. చివరికి అక్టోబరు 24న బయట కొట్లాట మొదలై, జనం మీద పెప్పర్ స్ప్రేలు కొట్టుకున్నాక, కార్యక్రమం మొదలవబోయే ముందు భద్రత పేరుతో రద్దు చేశారు.

ఆ పిల్లల స్థానంలో నిలబడి చూడండి. సోమవారం మీ మీద ద్వేషం కక్కేవాళ్ళకి వేదిక, బుధవారం మీకు ఇస్తానన్న కేంద్రం రద్దు. నాకు ఆవిడ మీద వ్యక్తిగతంగా ఏమీ లేదు. ఆ వారం మాత్రం తప్పు, అంతే.

సుస్కెహానా

పెన్సిల్వేనియాలో పద్నాలుగేళ్ళుగా ఉంటున్నాను. ఎర్రమట్టి గారు చెప్పిన తేదీలన్నీ సరైనవే. కానీ ఉపన్యాసం విషయంలో ఒక్క మాట. ప్రభుత్వ డబ్బుతో నడిచే యూనివర్సిటీ ఇక్కడ ఎవరి అభిప్రాయాన్ని బట్టీ వేదిక నిరాకరించలేదు, వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే రాజ్యాంగ మొదటి సవరణ అడ్డొస్తుంది. నిరాకరిస్తే కోర్టులో ఓడిపోతారు, ఆ ఓటమి ఖర్చు కూడా విద్యార్థుల మీదే పడుతుంది. ఆ స్థానంలో ఎవరున్నా అదే చెప్పేవారు. కేంద్రం రద్దు మాత్రం వేరే సంగతి, దాన్ని ఏ చట్టమూ చేయమనలేదు, అది ఆవిడ సొంత నిర్ణయం. దానికి జవాబు ఆవిడే చెప్పాలి, అక్కడ నేను మీతోనే ఉన్నాను.

పెన్ స్టేట్ సంగతి తెలియనివాళ్ళకి ఒకటి చెప్పాలి. 2011లో ఫుట్‌బాల్ మాజీ అసిస్టెంట్ కోచ్ జెర్రీ సాండస్కీ పిల్లల మీద ఏళ్ళ తరబడి చేసిన అఘాయిత్యాలు బయటపడి అప్పటి ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్, కోచ్ జో పటర్నో ఇద్దరూ ఒకే రోజు పదవులు పోగొట్టుకున్నారు. స్పానియర్ పిల్లల భద్రతను గాలికొదిలేసిన నేరానికి తర్వాత జైలుకి కూడా వెళ్ళొచ్చాడు. బాధితులకి యూనివర్సిటీ చెల్లించింది 10 కోట్ల డాలర్లు దాటింది. ఇదంతా జరిగాక కూడా పెన్ స్టేట్ లాంటి చోట్ల చాలా పత్రాలు రాష్ట్ర సమాచార హక్కు చట్టం పరిధిలోకి రావు. మన సమాచార హక్కు చట్టం లాంటిది ఉండి కూడా దీనికి పూర్తిగా వర్తించదు అన్నమాట. బోర్డు తలుపులు మూసుకుని సమావేశాలు పెడుతోందని ఒక వార్తాసంస్థ కోర్టుకెక్కింది కూడా. క్యాంపస్‌ల మూసివేత మీద జనానికి అంత అనుమానం రావడానికి సగం కారణం ఈ గుట్టే అని నా నమ్మకం.

లెక్కల మాస్టారు

లెక్కలు ఒకసారి చూద్దాం, లేకపోతే చర్చ గాలిలో సాగుతుంది.

ఆవిడ చేరేనాటికి యూనివర్సిటీకి దాదాపు 14 కోట్ల డాలర్ల లోటు ఉంది. వచ్చిన మూడు నెలలకే కొత్త నియామకాలు ఆపేశారు, 2025 వేసవికి ఆదాయం ఖర్చు సరిచేస్తామని గడువు పెట్టుకున్నారు. రాష్ట్రం ఇచ్చే సొమ్ము ఏళ్ళుగా 24 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది, పిట్స్‌బర్గ్, టెంపుల్ యూనివర్సిటీలతో పోలిస్తే విద్యార్థి తలకి వచ్చేది తక్కువ. ఇంకోపక్క పెన్సిల్వేనియా పల్లెల్లో పిల్లలే తగ్గిపోతున్నారు. బొగ్గు గనులు, ఉక్కు ఫ్యాక్టరీలు పోయిన ఊళ్ళలో హైస్కూల్ పాసయ్యేవాళ్ళే ఏటా తగ్గుతున్నారు. ఇది పెన్ స్టేట్‌కే వచ్చిన కష్టం కాదు, రాష్ట్రం నడిపే మరో ఆరు యూనివర్సిటీల్ని 2022లోనే కలిపి రెండు చేశారు.

పెన్ స్టేట్‌కి ప్రధాన క్యాంపస్ కాక రాష్ట్రమంతా కామన్వెల్త్ క్యాంపస్‌లు అనే చిన్న క్యాంపస్‌లు దాదాపు 20 ఉన్నాయి. 2024లో అక్కడి ఉద్యోగులకి స్వచ్ఛందంగా వెళ్ళిపోతే డబ్బిస్తాం అన్నారు, 380 మందికి పైగా తీసుకున్నారు. 2025 ఫిబ్రవరిలో 12 క్యాంపస్‌ల భవిష్యత్తు పరిశీలిస్తున్నాం అన్నారు. మేలో అందులో ఐదు మిగిలాయి. పోయినవి డుబోయిస్, ఫయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్‌టన్, షెనాంగో, విల్క్స్‌బారీ, యార్క్. 2027 వసంత సెమిస్టర్ అయ్యాక తాళాలు.

యూనివర్సిటీ చెప్పే లెక్క ఇది: ఈ ఏడింటిలో ఉన్నది మొత్తం విద్యార్థుల్లో 3.6 శాతం, అంటే దాదాపు 3,200 మంది. మూసేస్తే ఏటా 5 కోట్ల డాలర్లు మిగులుతాయి, భవనాల మరమ్మతులకి పెట్టాల్సిన 20 కోట్లు తప్పుతాయి. అంకెలుగా చూస్తే ఈ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. నేను ఆవిడ స్థానంలో ఉన్నా బహుశా ఇదే చేసేవాణ్ణి.

శారద ఒహాయో

మాస్టారూ, 3.6 శాతం అని రాయడం తేలిక. కోపంగా అనడం లేదు, నా అనుభవం చెబుతాను.

నేను ఒక చిన్న కాలేజీలో తొమ్మిదేళ్ళు కెమిస్ట్రీ చెప్పాను, పేరు వద్దు. అది మూతపడింది. మాకు చెప్పిన రోజు మధ్యాహ్నం నాకు ల్యాబ్ క్లాసు ఉంది. పిల్లలకి అప్పటికే ఫోన్లలో తెలిసిపోయింది. ఒకమ్మాయి, ఇద్దరు పిల్లల తల్లి, రాత్రి షిఫ్టులో వృద్ధాశ్రమంలో పనిచేసి పొద్దున్న క్లాసుకి వచ్చేది, ఆ అమ్మాయి బ్యూరెట్ పట్టుకుని నిలబడి "మేడమ్, ఇంకో కాలేజీ గంటన్నర దూరం, నేను ఎలా వెళ్ళాలి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. వేరే కాలేజీలో చేర్చుకుంటాం, క్రెడిట్లు పోవు అని కాయితాల మీద అన్నీ రాశారు. ఆ అమ్మాయి చదువు మాత్రం అక్కడితో ఆగిపోయింది.

ఫయెట్ క్యాంపస్ ఉన్నది ఒకప్పటి బొగ్గు గనుల ప్రాంతంలో. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కేవాళ్ళు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్ళు, ముసలి తల్లిదండ్రుల్ని వదిలి వెళ్ళలేనివాళ్ళు చేరేది ఇలాంటి క్యాంపస్‌లలోనే. వాళ్ళకి ప్రధాన క్యాంపస్ బస్ ఎక్కి వెళ్ళే దూరంలో ఉండదు. 1903లో అడవుల చదువు కోసం పెట్టిన బడి మాంట్ ఆల్టో, 1929లో పెన్ స్టేట్‌లో కలిసింది. నూట ఇరవై ఏళ్ళ కిందటే అక్కడ చెట్ల గురించి పాఠం చెప్పడం మొదలైంది. దాన్ని ఖర్చు ఖాతాలో ఒక వరస కింద కొట్టేయడం చూస్తే నాకు నిద్ర పట్టలేదు.

లెక్కల మాస్టారు

అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా మాట మొరటుగా అనిపించి ఉంటే క్షమించండి. కానీ ఒక్కటి అడుగుతాను. క్లాసులో ఆరుగురు పిల్లలు, ఉన్న కోర్సులు సగం ఆన్‌లైన్, ల్యాబ్‌కి మనిషి లేడు, ఇలా ఏళ్ళ తరబడి ఈడ్చడం ఆ పిల్లలకి మేలా? ముందే రెండేళ్ళ గడువిచ్చి, ఉన్నవాళ్ళు చాలామంది పూర్తిచేసుకునేలా చూసి మూయడం మేలా? మీ కాలేజీ వాళ్ళు మీకు ఎంత గడువిచ్చారు?

శారద ఒహాయో

పదకొండు వారాలు.

అవును, రెండేళ్ళు అంటే చాలా తేడా. అది ఒప్పుకుంటాను.

ఎర్రమట్టి

గడువు సంగతి సరే. డబ్బు లేదు అన్న మాట దగ్గరే నాకు పేచీ. 2024 మేలో ఇదే బోర్డు తమ ఫుట్‌బాల్ మైదానం బీవర్ స్టేడియం మరమ్మతులకి 70 కోట్ల డాలర్ల దాకా ఖర్చు పెట్టడానికి ఒప్పుకుంది. 2025 అక్టోబరులో ఫుట్‌బాల్ కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని సీజన్ మధ్యలో తీసేశారు, ఒప్పందం ప్రకారం అతనికి ఇవ్వాల్సి వచ్చింది 4.9 కోట్ల డాలర్ల దాకా. అంటే ఏడు క్యాంపస్‌లు మూస్తే ఏడాదికి మిగిలేదంత! పెన్సిల్వేనియా పల్లెలో ఉన్న తండ్రికి ఇది ఎలా కనబడుతుంది?

సుస్కెహానా

అన్నా, అది పూర్తిగా చెప్పాలి. ఆటల విభాగం డబ్బు వేరే పద్దు, టికెట్లు, టీవీ హక్కులు, విరాళాల మీద నడుస్తుంది, పిల్లల ఫీజులు అందులోకి పోవు అని యూనివర్సిటీ ఎప్పుడూ చెబుతుంది. ఫ్రాంక్లిన్ తర్వాత వర్జీనియా టెక్‌లో చేరాడు కాబట్టి చివరికి ఇచ్చింది 90 లక్షల దగ్గర తేలింది.

అయినా మీ ప్రశ్న నాకూ ఉంది. పద్దులు వేరే కావచ్చు, పేరు ఒకటే, బోర్డు ఒకటే, ప్రెసిడెంట్ ఒకరే. ఒక దాత దగ్గరికి వెళ్ళి స్టేడియానికి అడిగినంత పట్టుదలగా ఫయెట్ కోసం అడిగారా? మా ఊరి లైబ్రరీలో కలిసే పెద్దాయన ఒకరు, పెన్ స్టేట్ పూర్వ విద్యార్థి, డెబ్భై దాటాయి, నన్ను ఇదే అడిగాడు. ఆయన టోపీ మీద ఇప్పటికీ పెన్ స్టేట్ సింహమే ఉంది. నేను తెలుగువాణ్ణని తెలిసి "మీవాళ్ళావిడ" అని కాక "మా ప్రెసిడెంట్" అనే అన్నాడు. కోపంలో కూడా అలా అన్నందుకు ఆయన మీద గౌరవం కలిగింది.

నిర్వాహకుడు

ఇక్కడి నుంచి రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఆవిడ యాస గురించి, కుటుంబం గురించి రాసినవి. నిర్ణయాల మీద ఎంత గట్టిగానైనా మాట్లాడండి, మనిషి ఇంటి సంగతులు ఈ వేదికలో వద్దు.

కృష్ణవేణి

ఆ వ్యాఖ్యలు తీసేయకముందు చదివాను, అందుకే ఇన్నాళ్ళకి లాగిన్ అయ్యాను. పేరున్న ప్రెసిడెంట్లు మగవాళ్ళు ఎంతమంది క్యాంపస్‌లు కలిపారు, మూశారు, ఎవరైనా వాళ్ళ భార్య గురించి రాశారా?

నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ హెడ్‌గా చేశాను. నాకు ఆ సీటు ఎప్పుడిచ్చారో తెలుసా? ఆడిట్ అభ్యంతరాలు గుట్టలుగా పేరుకుని, ఏ మగ అధికారీ ముట్టుకోనన్నాక. నీలి గారి దారి చూస్తే అదే కనిపిస్తోంది. లూయిస్‌విల్ కూలిపోతున్నప్పుడు ఇచ్చారు. పెన్ స్టేట్ లోటులో ఉన్నప్పుడు ఇచ్చారు. బాగున్న రోజుల్లో ఆ కుర్చీ నూట అరవై ఏళ్ళకి పైగా ఏ ఆడమనిషికీ దొరకలేదు. ఇది చెప్పి ఆవిడ తప్పుల్ని కడిగేయమనడం లేదు. శారద గారి విద్యార్థిని కూడా ఆడపిల్లే, ఆ బాధ పెద్దది. లోటు పెట్టినవాళ్ళు ఎవరు, కత్తి పట్టినది ఎవరు అన్న తేడా మాత్రం మర్చిపోకండి. క్యాంపస్‌లలో పిల్లలు తగ్గడం పదేళ్ళకి పైగా సాగింది. ముందున్నవాళ్ళు చూస్తూ కూర్చున్నారు.

బెజవాడోడు

కృష్ణవేణి అక్కా, ఈ కోణం నాకు తట్టలేదు. నిజమే.

అయితే జీతం కూడా చూడాలి కదా. 2022 ఒప్పందంలో మూల వేతనం ఏడాదికి 9,50,000 డాలర్లు. అంత తీసుకునేది కష్టమైన పని చేయడానికే. చేసిన పనికి తిట్లు పడటం కూడా అందులో భాగమే అనుకుంటాను.

వాల్తేరు వాసి

ఒక్కొక్కటీ చదువుతున్నాను. మీరంతా ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, చాలా సంతోషం.

ఈ చర్చ నేను ఎందుకు మొదలుపెట్టానో ఇంకా పూర్తిగా చెప్పలేదు. మా నాన్నగారు ఒక ఎయిడెడ్ కాలేజీలో తెలుగు లెక్చరర్, గోదావరి అవతలి చిన్న ఊరు. చుట్టుపక్కల లంక గ్రామాల పిల్లలు పడవ దాటి, సైకిలు తొక్కి వచ్చేవాళ్ళు. రిటైర్ అయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళని వేయడం ఏనాడో ఆపేశారు. ఒక్కో డిపార్ట్‌మెంటూ ఒక్కో మనిషితో నడిచి నడిచి ఆరిపోయింది. దాన్ని ఎవరూ మూసేయలేదు, ఏ బోర్డూ ఓటు వేయలేదు, ఏ తేదీ లేదు. ఒక జూన్‌లో ఎవరూ చేరలేదు. అంతే. నాన్నగారు పోయేదాకా అడిగేవారు, "ఎవరు మూసేశార్రా దాన్ని?" అని. ఎవరి పేరు చెప్పాలో నాకు తెలిసేది కాదు.

అందుకే పెన్ స్టేట్ వార్త చదివినప్పుడు నాకు రెండు రకాలుగా అనిపించింది. ఏడు ఊళ్ళ గుండె కోసిన నిర్ణయం అది, మూయకుండా ఉండాల్సింది అని నా మనసు ఇప్పటికీ అంటోంది. కనీసం మాంట్ ఆల్టో, ఫయెట్ అయినా. కానీ అక్కడ ఒక మనిషి తన పేరు పెట్టి ఇది నా సిఫారసు అన్నారు, ఎవరు అవునన్నారో ఎవరు కాదన్నారో 33 ఓట్లూ లెక్కకి వచ్చాయి, తిట్టదలచుకున్నవాళ్ళకి ఎవర్ని తిట్టాలో తెలుసు. మా నాన్నగారికి ఆ మాత్రం కూడా దక్కలేదు.

కెంటకీ బాబాయ్

అన్నగారూ, ఇది చదివాక నా మనసులో ముడి కొంచెం విడింది. జ్యూయిష్ హాస్పిటల్ రోజున ఆవిడ బాధ్యత నెత్తిన వేసుకున్నారు, ఇప్పుడూ వేసుకున్నారు. అప్పుడు నిలబెట్టారు, ఇప్పుడు మూశారు. రెండో దానితో నేను ఒప్పుకోను. మనిషి మాత్రం ఒకరే.

ఎర్రమట్టి

పేరు పెట్టి చెప్పినందుకు గౌరవం ఇస్తాను. 2022 అక్టోబరు వారం మీద నా మాట మాత్రం మార్చుకోను.

కొత్తగా వచ్చా

అందరికీ థాంక్స్, చాలా తెలుసుకున్నా. ఒక ప్రాక్టికల్ ప్రశ్న. మా పిన్ని వాళ్ళు హ్యారిస్‌బర్గ్ దగ్గర ఉంటారు, వాళ్ళమ్మాయి వచ్చే ఏడాది కాలేజీ. యార్క్ క్యాంపస్‌లో రెండేళ్ళు చదివి తర్వాత ప్రధాన క్యాంపస్‌కి మారదామనుకుంది, ఖర్చు తగ్గుతుందని. ఇప్పుడు పిన్ని ఒకటే టెన్షన్ పడుతోంది. ఏం చెప్పమంటారు?

సుస్కెహానా

మీ పిన్నిగారిని కంగారు పడొద్దని చెప్పు బాబూ. ఆ పద్ధతిని ఇక్కడ టూ ప్లస్ టూ అంటారు, మొదటి రెండేళ్ళు చిన్న క్యాంపస్, తర్వాత రెండేళ్ళు యూనివర్సిటీ పార్క్ (అదే ప్రధాన క్యాంపస్), చివర చేతికొచ్చే డిగ్రీ ఒకటే. అది పోలేదు. మూతపడే ఏడింటిలో యార్క్ ఒకటి కాబట్టి అక్కడ మొదలుపెట్టొద్దు, 2027 వసంతంతో అక్కడ క్లాసులు అయిపోతాయి. హ్యారిస్‌బర్గ్ దగ్గర ఉంటే హ్యారిస్‌బర్గ్ క్యాంపస్ ఉండనే ఉంది, అది మూసే జాబితాలో లేదు, ఇంట్లోంచే వెళ్ళి రావచ్చు. ఆ అమ్మాయి చదవాలనుకుంటున్న మేజర్ అక్కడ మొదలుపెట్టొచ్చో లేదో అడ్మిషన్ల ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోమను. రాతపూర్వకంగా ఇవ్వమని అడగమను.

శారద ఒహాయో

రాతపూర్వకంగా అన్నది మాత్రం తప్పకుండా చెప్పు నాన్నా. ఇంకా ఏదైనా కావాలంటే ఆ అమ్మాయిని నాకు ఇక్కడ మెసేజ్ పెట్టమను, కెమిస్ట్రీ వైపు అయితే కోర్సులు నేను చూసి పెడతాను.